మాటను పొరపాటుగా అర్థం చేసుకుంటే నవ్వెందుకు వస్తుంది?

మనసు మాటను చివరిదాకా విని అర్థం చేసుకోదు. రాబోయేదాన్ని ముందే ఊహిస్తుంది. తాతయ్య "ముందు చెప్పు" అనగానే మనవడు గుమ్మంలోకి పరుగెత్తి చెప్పు తెచ్చాడనుకోండి. మనం అనుకున్న అర్థం కూలిపోయి, అదే మాటలో ఇంకొకటి మెరుస్తుంది. నాకు ముచ్చట గొలిపేది ఇదే: వాడు విన్నది సరిగ్గానే విన్నాడు!

ఈ కుదుపు మెదడులోనూ కనిపిస్తుంది. వాక్యం చివర అర్థానికి పొసగని పదం ఎదురైతే, సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడు విద్యుత్ తరంగాల్లో మార్పు వస్తుందని 1980లో మార్టా కూటాస్, స్టీవెన్ హిల్యార్డ్ అనే పరిశోధకులు చూపారు.

అయితే ఊహ తప్పినంత మాత్రాన నవ్వు రాదు, ప్రమాదం లేదని కూడా తెలియాలి. చీకట్లో తాడును పామనుకున్నవాడు ముందు వణుకుతాడు, దీపం వెలిగాకే నవ్వుతాడు.