అదే మోడల్ కొంటే అదే సుఖం ఉంటుందా?

ప్రశ్న: కొత్తగా కొన్న మొదటి కారును పదకొండేళ్లు వాడాను. ఒక్కసారి కూడా దారిలో నిలబెట్టలేదు. ఆ తర్వాత కొన్న సెకండ్ హ్యాండ్ పెద్ద కారు మాత్రం గేర్‌బాక్స్, ఏసీ, రేడియేటర్ అంటూ రెండేళ్లలో కొన్న ధరలో సగం మింగేసింది. చివరికి దాన్ని వదిలించుకున్నాను. ఇప్పుడు మళ్లీ పాత కారే కొనాలి. మా మొదటి కారు మోడలే, అదే రంగులో, ఎనిమిదేళ్లది ఒకటి అమ్మకానికి కనిపించింది. చేతిలో ఉన్న డబ్బు సరిగ్గా దాని ధరకు సరిపోతుంది. ఐదేళ్ల అప్పు తీసుకుని ఇంకాస్త కొత్తది చూడమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ‘అదే రంగులో’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ధర కంటే ముందు మీరు రాసింది అదే. ఆ మమకారం నాకు అర్థమవుతుంది. అయితే ఆ మొదటి కారు మిమ్మల్ని ఇబ్బంది పెట్టకపోవడంలో మోడల్ గొప్పదనం ఎంత ఉందో, మీ శ్రద్ధ కూడా అంతే ఉంది. కొత్తది కొన్నారు, ఏ నెలలో ఆయిల్ మార్చారో, ఎప్పుడు బ్రేకులు చూపించారో అన్నీ మీకు తెలుసు. ఇప్పుడు కనిపించిన కారు ఎనిమిదేళ్లు వేరొకరి చేతిలో నలిగింది.

రెండో కారు విషయంలో మీకు ఎదురైనదాన్ని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే ఒక వ్యాసంలో విడమరచి చెప్పారు. పాత కారు లోపం అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. అందుకే కొనేవారు అన్నిటికీ సగటు ధరే ఇస్తామంటారు. ఆ ధరకు మంచి కారున్నవారు అమ్మడం మానుకుంటారు, లోపమున్న కార్లే సంతలో మిగులుతాయి. 2001లో ఆయన నోబెల్ బహుమతి పంచుకోవడానికి ఈ పరిశోధనే ముఖ్య కారణం. కాబట్టి మీరు కొనబోయే కారు గురించి తెలుసుకోవడానికి పెట్టే డబ్బును దండుగ అనుకోకండి. మీరే ఎంచుకున్న మెకానిక్‌ను తీసుకెళ్లి చూపించండి. మూడు కార్లు చూసి మూడూ వద్దన్నా ఆయన రుసుము సంతోషంగా ఇవ్వండి. ఒక గేర్‌బాక్స్ ఖర్చు ముందు అదెంత?

ఇక డబ్బు సంగతి. చేతిలో ఉన్నదంతా ధరకే పోస్తానంటే నేను ఒప్పుకోను. దాన్ని 100 వంతులు అనుకుంటే కారుకూ, పేరు మార్పిడికీ, బీమాకూ కలిపి 80 దాటకూడదు. మిగిలిన 20లో కొంత మొదటి కొన్ని నెలల్లోనే టైర్లకో, బ్యాటరీకో, ఆయిళ్లకో పోతుంది. తక్కినది ముట్టుకోకుండా బ్యాంకులో ఉంచండి. అమ్మేవారు అంత దిగిరాకపోతే, రంగు ఎంత నచ్చినా ఆ కారు వదులుకోవాల్సిందే.

ఐదేళ్ల అప్పు వద్దనడానికి ఒక లెక్క చూపిస్తాను. వడ్డీ ఏడాదికి 12 శాతం అయితే, 100 అప్పుకు ఐదేళ్లలో మీరు కట్టేది దాదాపు 133. రెండేళ్లు వాయిదాలు కట్టి 53 చెల్లించాక కూడా ఇంకా 67 బాకీ ఉంటుంది. మొదట్లో కట్టే వాయిదాలో వడ్డీ వాటా ఎక్కువ కాబట్టే ఇలా అవుతుంది. అప్పటికి కారుకు మరో రెండేళ్ల వయసు వచ్చి ధర తగ్గుతుంది, మరమ్మతులూ మొదలవుతాయి. వాయిదా, మెకానిక్ బిల్లు రెండూ ఒకే నెలలో వచ్చిపడితే ఎలా ఉంటుందో మీ రెండో కారు మీకు నేర్పే ఉంటుంది. తప్పదనుకుంటే కొద్ది మొత్తమే తీసుకుని మూడేళ్లలో తీర్చేయండి. అదే వడ్డీకి 100కు కట్టేది 120 లోపే ఉంటుంది.

నాకూ మీ రెండో కారులాంటిది ఒకటి ఉండేది. క్లచ్ వేయించాను, తర్వాత స్టీరింగ్ రాక్, ఆపైన రేడియేటర్. ‘ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం పెడితే బాగుపడుతుంది’ అనుకుంటూ ఏడాదిన్నర గడిపాను. ఒక రాత్రి డ్యాష్‌బోర్డు అరలోని రసీదులన్నీ బల్ల మీద పరిచి మొత్తం లెక్కేశాను. కారుకు అప్పుడు పలికే ధర కంటే ఆ మొత్తం ఎక్కువ. అప్పటినుంచి పోయిన డబ్బును లెక్కలోకి తీసుకోను. రాబోయే ఏడాది మరమ్మతులకు ఎంత అవుతుంది, దాంతో కారు ఎన్నాళ్లు నడుస్తుంది, ఇవే చూస్తాను.

కారు చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఇంజన్ నడిపారన్నమాట. చల్లబడ్డాక మళ్లీ వస్తానని చెప్పండి. చల్లటి ఇంజన్ మొదటిసారి అందుకున్నప్పుడే చాలా జబ్బులు బయటపడతాయి. నీలిరంగు పొగ వస్తే ఆయిల్ మండుతోంది. తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, లోపలికి కారుతూ ఉండవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపల చుట్టుకుని ఉండే భాగంలో మట్టి చారలు ఉంటే ఆ కారు వరద నీళ్లలో మునిగి ఉండవచ్చు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పాతబడ్డ టైర్ల ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఓడోమీటర్ తక్కువ కిలోమీటర్లు చూపిస్తూ, బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నబడి ఉంటే ఆ అంకెను నమ్మకండి.

అన్నిటికంటే ముఖ్యం టైమింగ్ బెల్టు, అంటే ఇంజన్‌లో వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే పట్టీ. మీ మొదటి కారుతో వచ్చిన పుస్తకం దాచుకుని ఉంటే, ఆ ఇంజన్‌లో ఉన్నది బెల్టా, గొలుసా, బెల్టయితే ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అన్నది చూడండి. మార్చినట్లు రసీదు చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. కారు మీద అప్పు ఏదీ మిగిలి లేదని రుజువు చూడనిదే బయానా ఇవ్వకండి.

ఇవన్నీ సరిగా ఉంటే ఆ కారే కొనండి. మీకున్న పదకొండేళ్ల జ్ఞాపకం అప్పుడు నిజంగా పనికొస్తుంది. ఆ ఇంజన్ ఎలా పలకాలో, మూడో గేరు ఎంత మెత్తగా పడాలో మీకు తెలిసినంతగా ఏ మెకానిక్‌కూ తెలియదు. రేడియో ఆపి, అద్దాలు దించి, అరగంట నడపండి. తేడా ఉంటే మీ చెవికే తెలుస్తుంది. అప్పు తీసుకోమన్నవారిని కూడా వెంట తీసుకెళ్లండి. స్టీరింగ్ మీరు పట్టుకోండి, బేరం మాత్రం వారినే ఆడనివ్వండి.