బావగారి ‘ఉచిత’ ఐఫోను లెక్క

డల్లాస్‌లో మీ బావగారికి ఐఫోను ఉచితంగా వచ్చిందని, భీమవరంలో మాత్రం పూర్తి ధర అడుగుతున్నారని రాశారు కదండీ. దుకాణదారు మోసం చేయడం లేదు. అక్కడ ఫోను ధర మొబైల్ కంపెనీ నెల బిల్లులో దాగి ఉంటుంది. 2008లో ఐఫోన్ 3జీ ఇక్కడ 31,000 రూపాయలు, అమెరికాలో 199 డాలర్లే. కానీ ఆ కంపెనీతో రెండేళ్ల ఒప్పందం, నెలకు దాదాపు 70 డాలర్లు. కలిపితే సుమారు 1,879, పన్నులు కాక! రొయ్యల మేత అప్పిచ్చి, పంట తనకే అమ్మమనే వ్యాపారి పద్ధతి. ఇప్పుడు ఫోను ధరను నెల వాయిదాలుగా వేసి, అంత సొమ్మూ నెలనెలా బిల్లులో తగ్గిస్తారు. మధ్యలో ఆ కంపెనీ సేవ మానేస్తే మిగతా వాయిదాలు బావగారే కట్టాలి. ఆ ఫోను తెప్పించుకోకండి. బాకీ తీరేదాకా ఆ కంపెనీకే కట్టేసిన లాక్‌లో ఉంటే మన సిమ్ పనిచేయదు. పైగా ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే చోటే లేదు, ఈ-సిమ్ (ఫోనులోనే ఉండే డిజిటల్ సిమ్) మాత్రమే.