డాక్టర్ సలహా: అమ్మాయి ప్రార్థన ఆపలేకపోతోంది.. భక్తేనా, జబ్బా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ దేవుడంటే నమ్మకం ఎక్కువే. ఆరు నెలలుగా మాత్రం రాత్రి ప్రార్థనకు కూర్చుంటే రెండు గంటలైనా లేవడం లేదు. మధ్యలో ఏదో చెడ్డ ఆలోచన వచ్చిందంటూ మళ్లీ మొదటి నుంచి చేస్తోంది. ‘దేవుడికి కోపం వచ్చిందేమో, నన్ను క్షమిస్తాడా అమ్మా?’ అని పదే పదే అడుగుతోంది. నిద్ర లేదు, చదువు తగ్గింది. మావారేమో ఈ వయసులో ఇంత భక్తి ఉండటం అదృష్టం అంటున్నారు. డాక్టరుకు చూపించాలా?
- ఒక తల్లి

జవాబు: చూపించండి, ఆలస్యం చేయొద్దు. అయితే మీవారి మాటనూ కొట్టిపారేయలేం. టీనేజ్‌లో దైవ విశ్వాసం చాలామంది పిల్లలకు అండగా ఉంటుంది. హార్వర్డ్ పరిశోధకులు 2018లో వెలువరించిన ఒక అధ్యయనంలో, ఆ వయసులో క్రమం తప్పకుండా ప్రార్థనలకు వెళ్లినవాళ్లు పెద్దయ్యాక జీవితం పట్ల ఎక్కువ సంతృప్తితో ఉన్నట్టు, మత్తుపదార్థాల జోలికి తక్కువగా వెళ్లినట్టు తేలింది. ఇందులో నమ్మకం వాటా ఎంత, అక్కడ దొరికే స్నేహితులు, పెద్దల వాటా ఎంత అని విడదీయడం మాత్రం కష్టం.

11, 12 ఏళ్లు దాటాక పిల్లలకు కంటికి కనిపించని సంగతుల గురించి లోతుగా ఆలోచించే శక్తి వస్తుంది. కొందరు దేవుడికి మరింత దగ్గరవుతారు. కొందరు ‘అసలు దేవుడున్నాడా?’ అని వాదనకు దిగుతారు. రెండూ మామూలే. వాదించే పిల్లల్ని చూసి కంగారుపడే తల్లిదండ్రులు, లోలోపల భయంతో నలిగిపోయే పిల్లల్ని బుద్ధిమంతులనుకుని వదిలేస్తుంటారు.

మీ అమ్మాయి విషయంలో నన్ను ఆలోచనలో పడేసింది ఆ భయమే. ప్రార్థన అయ్యాక మనసు తేలికపడాలి. తను లేచేసరికి ఇంకా టెన్షన్ పడుతోంది. వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని పోగొట్టడానికి చేసిందే మళ్లీ చేయడం, కాసేపు ఊరట, మళ్లీ అనుమానం. ఇది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక సమస్య లక్షణం. చేతులు పదే పదే కడుక్కోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ అది పాపభయం రూపంలో వస్తుంది. దీన్ని స్క్రుపులాసిటీ అంటారు. ఓసీడీ చాలామందిలో బాల్యం చివర్లోనో, టీనేజ్‌లోనో మొదలవుతుంది. పరీక్షించకుండా ఇదేనని తేల్చి చెప్పలేను గానీ, మీరు రాసిన ప్రతి లక్షణమూ అటే చూపిస్తోంది.

చెడ్డ ఆలోచన వచ్చినంత మాత్రాన తను చెడ్డపిల్ల కాదు. అలాంటివి దాదాపు అందరికీ వస్తాయి, పోతాయి. ఆ మాట ఒకసారి నెమ్మదిగా చెప్పండి. తర్వాత ‘క్షమిస్తాడులే’ అని రోజంతా చెబుతూ ఉండకండి. తల్లిగా అది కష్టమే. కానీ మీరిచ్చే ప్రతి ధైర్యమూ కాసేపే పనిచేసి, మళ్లీ అడగాలనిపించేలా చేస్తుంది. ‘ఇది నీ భయం అడుగుతున్న ప్రశ్న, దీనికి ఇప్పుడు జవాబు వద్దు’ అని దగ్గరకు తీసుకోండి. ప్రార్థన ఒక్కసారిగా మాన్పించొద్దు, ఎగతాళి చేయొద్దు.

పిల్లల సైకియాట్రిస్టునో, క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది. అనుమానం వచ్చినా ప్రార్థన మళ్లీ మొదలుపెట్టకుండా ఉండటాన్ని అందులో కొంచెం కొంచెంగా అలవాటు చేస్తారు. నమ్మకాన్ని తీసేయడం ఈ చికిత్స ఉద్దేశం కాదని మీవారికి చెప్పండి. మీ మతపెద్దల్లో సౌమ్యులు ఎవరైనా ఉంటే, ఈ వయసు పిల్లలకు మామూలుగా ఎంత ప్రార్థన సరిపోతుందో వారినే అడగండి. థెరపిస్టుకు అది పనికొస్తుంది. అవసరమైతే డిప్రెషన్, ఆందోళనలకు కూడా వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు రాస్తారు. వాటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చు కాబట్టి దగ్గరుండి గమనించాలి, సొంతంగా ఆపేయకూడదు.

దేవుడి గొంతు వినిపిస్తోందన్నా, తనను తాను శిక్షించుకుంటున్నా, తిండి మానేసినా, చనిపోతానన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.