కార్డు గీకి గోళ్ల ప్యాకేజీ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి రూ.42,000 వస్తుంది. తెల్ల కొనల అక్రిలిక్ గోళ్లు (పౌడర్‌తో అసలు గోరు మీద కట్టే కృత్రిమ గోళ్లు) పెట్టించుకుంటాను. మూడు వారాలకోసారి రీఫిల్‌కు రూ.1,800 అవుతోంది. ఒకేసారి రూ.18,000 కడితే 12 సిట్టింగులు ఇస్తామని సెలూన్ వాళ్లు అంటున్నారు. క్రెడిట్ కార్డు మీద తీసుకోవచ్చా? కార్డులో ఇప్పటికే రూ.38,000 బాకీ ఉంది, మినిమం డ్యూ (నెలనెలా కట్టాల్సిన కనీస మొత్తం) కడుతున్నాను. మ్యూచువల్ ఫండులో నెలకు రూ.5,000 సిప్ (నెలనెలా పెట్టే పెట్టుబడి) కూడా నడుస్తోంది.
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దండి. ప్యాకేజీలో మీకు మిగిలేది రూ.3,600. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే రూ.18,000 మీద రూ.630, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి దాదాపు రూ.743. అయిదు నెలలు తిరిగేసరికి డిస్కౌంట్ మొత్తం బ్యాంకుకే పోతుంది. 12 సిట్టింగులు పూర్తి కావడానికి ఎనిమిది నెలలు పైనే పడుతుంది. ఈలోగా మీకు చేసే అమ్మాయి మానేసినా, సెలూన్ మూతపడినా ఆ డబ్బు రాబట్టుకోవడం కష్టం.

పాత బాకీ పూర్తిగా కట్టనంతకాలం 45-50 రోజుల వడ్డీలేని గడువు మీకు వర్తించదు. సెలూన్‌లో గీకిన రోజు నుంచే వడ్డీ మొదలు. రూ.38,000 మీద ఇప్పటికే నెలకు దాదాపు రూ.1,570 పోతోంది. మీరు కట్టే మినిమం డ్యూలో చాలా భాగం దానికే సరి.

ఇక గోళ్ల సంగతి. మానేయమని నేను చెప్పను, మీ సంపాదన మీ ఇష్టం. కానీ ప్రతిసారీ రూ.1,800 ఎందుకు? గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మూడు వారాల్లో గోరు మొదలు దగ్గర రెండు మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది, తెల్ల గీత అంతే ముందుకు జరుగుతుంది. ఖాళీని పింక్ పౌడర్‌తో నింపి, కొనను ఫైల్ చేస్తే సరిపోయే పని అది, మామూలు రీఫిల్ అంటే ఇదే. తెల్లదాన్ని మెషీన్‌తో అరగదీసి, గీతను వెనక్కి తెచ్చి కొత్త తెల్ల పౌడర్ వేయడాన్ని బ్యాక్‌ఫిల్ అంటారు. అది ఒకసారి విడిచి ఒకసారి చాలు. మీరు కడుతున్న రూ.1,800 బహుశా ఈ బ్యాక్‌ఫిల్ రేటే, అడిగి చూడండి. మామూలు రీఫిల్ రూ.1,200 అనుకుందాం. ఏడాదికి 17 సార్లు వెళ్తే ఇప్పుడయ్యేది రూ.30,600. తొమ్మిది రీఫిల్‌లు, ఎనిమిది బ్యాక్‌ఫిల్‌లు అయితే రూ.25,200. ప్యాకేజీ వాళ్లు మీకు అంటగడుతున్నది 12 బ్యాక్‌ఫిల్‌లు!

అలాగని ఆరేడు వారాలు లాగి పొదుపు చేద్దామనుకోకండి. బరువు ముందుకు పడి గోరు విరుగుతుంది. అంచు లేచిన చోట నీరు చేరితే కింద ఆకుపచ్చ మరక పడుతుంది. అప్పుడు అంతా తీయించి కొత్త సెట్ వేయించుకోవాలి, ఖర్చు ఇంకా ఎక్కువ. లేచిన దాన్ని పీకడం అసలే వద్దు, అసలు గోరు పొరలు పొరలుగా ఊడొస్తుంది. అసిటోన్‌లో నానబెట్టి తీయించుకోండి.

2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ బిల్లులో ఇంకా 18 కనిపిస్తే నిలదీయండి.

సిప్‌ను కొన్ని నెలలు ఆపండి. ఫండు ఏడాదికి 12 శాతం ఇచ్చినా, కార్డు 42 శాతం తీసుకుంటోంది. ఇప్పటిదాకా కొన్న యూనిట్లు ఎక్కడికీ పోవు. ఆ రూ.5,000, మినిమం డ్యూగా కట్టే సుమారు రూ.2,000 కలిపి ప్రతి నెలా కార్డుకే కట్టండి. కొత్తగా ఏమీ గీకకపోతే ఏడో నెలలో బాకీ తీరుతుంది, ఎనిమిదో నెలలో సిప్ మళ్లీ మొదలుపెట్టండి.

గోళ్లకు నెలకు రూ.2,100 వేరే ఖాతాలో వేసుకుని యూపీఐతో కట్టండి. జీతంలో అయిదు శాతం, ఫర్వాలేదు. సెలూన్ వాళ్లు ప్యాకేజీ అని మళ్లీ మొదలుపెడితే, రీఫిల్, బ్యాక్‌ఫిల్ కలిపి మూడు సిట్టింగులకు ఎంత తగ్గిస్తారో అడగండి.