టెక్ సందేహాలు: ఎగరాల్సిన కొంగలు గెంతేస్తున్నాయి!

ప్రశ్న: పదో తరగతి చదువుతున్నాను. స్కూల్ ప్రాజెక్టు కోసం జావా స్వింగ్‌లో (విండోలు, బటన్లు తయారు చేసే జావా భాగం) మా దగ్గరి తేలినీలాపురం పక్షుల కేంద్రం కొంగలు 20 ఎడమ నుంచి కుడికి ఎగిరేలా ప్రోగ్రామ్ రాశాను. ‘స్టార్ట్’ బటన్ కోడ్‌లో 200 సార్లు తిరిగే లూప్, అందులో థ్రెడ్.స్లీప్(50), అంటే 50 మిల్లీసెకన్లు ఆగమనే ఆదేశం ఉన్నాయి. నొక్కగానే విండో పది సెకన్లు బిగుసుకుపోయి, తర్వాత కొంగలన్నీ ఒకేసారి అవతలి అంచున కనిపిస్తున్నాయి. ఎందుకు?
– ఓ విద్యార్థి, టెక్కలి

జవాబు: స్లీప్ వల్లే. స్వింగ్‌లో బటన్ నొక్కుళ్లు చూసుకునేదీ, బొమ్మ గీసేదీ ఒకటే థ్రెడ్, అంటే పనులు ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోయే వరస. దాన్ని మీరే నిద్రపుచ్చితే ఇక గీసేదెవరు? రీపెయింట్() అప్పటికప్పుడు గీయదు, ‘వీలు చూసుకుని గీయి’ అని అర్జీ పెడుతుందంతే. 200 సార్లు, సారికి 50 మిల్లీసెకన్లు: ఆ పది సెకన్లూ అర్జీలు పోగుపడి, ఆఖరున అన్నీ కలిపి ఒక్కసారి గీయడంతో సరి.

స్లీప్‌తో పాటు ఆ 200 లూప్‌నీ తీసేయండి. 40 మిల్లీసెకన్లకోసారి మోగే స్వింగ్ టైమర్ పెడితే సెకనుకి 25 సార్లు కదులుతాయి. టైమర్‌ని కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కోడ్) ఒక్కసారే తయారు చేసి, బటన్‌లో స్టార్ట్() మాత్రం పిలవండి. నొక్కినప్పుడల్లా కొత్త టైమర్ పుట్టిందో, రెండో నొక్కుకి కొంగలు రెట్టింపు వేగం అందుకుంటాయి.

ఎక్స్, వై, వేగం అని 20 గడుల అరేలు (వరస పెట్టెలు) మూడు, క్లాస్ మొదట్లోనే ప్రకటించండి. మెథడ్ లోపల పెడితే ప్రతిసారీ కొత్త అరే వచ్చి కొంగ కదిలినట్టే ఉండదు. వేగాలు 2 నుంచి 5 పిక్సెళ్లు, కొంగకో రకంగా ఇస్తేనే గుంపు సహజంగా కనిపిస్తుంది. టైమర్ మోగినప్పుడల్లా ఐ 0 నుంచి 19 దాకా ఎక్స్[ఐ] += వేగం[ఐ]. అది గెట్‌విడ్త్()ని, అంటే తెర వెడల్పుని దాటితే మళ్లీ ఎడమకి తెండి, కానీ 0 దగ్గరికి కాదు. బొమ్మ వెడల్పు 40 అయితే -40 ఇవ్వండి, అప్పుడే కొంగ ముక్కుతో మొదలై మెల్లగా తెరలోకి వస్తుంది. రీపెయింట్() ఈ 20 కొంగల లూప్ బయట ఒక్కసారి చాలు.

బొమ్మ గీసే మెథడ్ పెయింట్‌కాంపొనెంట్‌లో మొదటి లైను సూపర్.పెయింట్‌కాంపొనెంట్(జి) ఉండాలి. లేకుంటే పాత బొమ్మలు చెరగక కొంగల వెనక తోకలు సాగుతాయి. కదలిక లెక్కలు అందులో వద్దే వద్దు. విండో సైజు మార్చినా ఆ మెథడ్ నడుస్తుంది కాబట్టి మౌస్ లాగిన కొద్దీ కొంగలు పరిగెడతాయి. బొమ్మ ఫైలుని కూడా అక్కడ కాక కన్‌స్ట్రక్టర్‌లోనే లోడ్ చేయండి.

మూడు అరేల బదులు ‘కొంగ’ అని క్లాస్ రాసుకుంటే ఇంకా శుభ్రం. అయితే న్యూ కొంగ[20] అనగానే పక్షులు రావు, 20 ఖాళీ గూళ్లు మాత్రమే వస్తాయి. లూప్ పెట్టి ఒక్కోదాంట్లో న్యూ కొంగ() వేయకపోతే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (ఖాళీ గూటిని వాడబోతే వచ్చే ఎర్రర్) ఖాయం.

ప్రశ్న: ప్రోగ్రామ్ పైన జావా.యుటిల్.*, జావాఎక్స్.స్వింగ్.* రెండూ ఇంపోర్ట్ చేశాను. టైమర్ దగ్గర ‘యాంబిగ్యుయస్’ (ఏదో తేలడం లేదు) అని ఎర్రర్ వస్తోంది.
– బొబ్బిలి పాఠకురాలు

జవాబు: రెండు ప్యాకేజీల్లోనూ టైమర్ ఉంది. ఇంపోర్ట్‌ల దగ్గర జావాఎక్స్.స్వింగ్.టైమర్ అని విడిగా ఒక లైను చేర్చండి, నక్షత్రం గుర్తు కంటే దానికే ప్రాధాన్యం. యుటిల్ టైమర్ వేరే థ్రెడ్‌లో నడుస్తుంది గనక స్వింగ్ బొమ్మలకి దాన్ని వాడొద్దు.