ఓడెక్కే ముందు మెడికల్: అల్లుడికో ఉత్తరం

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

క్రూయిజ్ ఓడలో అసిస్టెంట్ కుక్‌గా ఆఫర్ లెటర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం రా. అయితే లెటర్ చేతికొచ్చినంత మాత్రాన ఓడెక్కినట్టు కాదు, మధ్యలో మెడికల్ ఉంది. ఇంటర్వ్యూ సులభంగా దాటినోళ్లు కూడా ఇక్కడ ఇరుక్కుంటారు. పెద్ద రోగాలుండి కాదు. చెవిలో గుబిలి, నొప్పి లేదని వదిలేసిన పుచ్చుపన్ను, రెండ్రోజుల ముందు తిన్న కూర, పాస్‌పోర్టులో ఒకలాగా టీకా కార్డులో ఇంకోలాగా ఉన్న ఇంటిపేరు... ఇట్లాంటివాటితోనే నెల వెనక్కి పోతుంది. ఆ నెలలో ఓడ వెళ్లిపోతుంది, నీ చోట్లో ఇంకొకడు ఎక్కుతాడు.

మెడికల్ అని ఒక్క మాటగా అంటారు గానీ అందులో రెండున్నాయి. ఒకటి, డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదించిన డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. మన వీధిలో ఎంబీబీఎస్ డాక్టరు లెటర్‌హెడ్ మీద రాసిస్తే చెల్లదు. ఆమోదం ఉన్న డాక్టర్ల జాబితా షిప్పింగ్ వాళ్ల వెబ్‌సైట్లో ఊరి పేరుతో సహా ఉంటుంది. మనకు దగ్గర చెన్నై. రెండోది, కంపెనీ తన పద్ధతిలో అడిగే పరీక్షల చిట్టా. అది ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. కంపెనీ ఫలానా క్లినిక్‌కే వెళ్లమంటే అక్కడికే వెళ్లు. వేరేచోట చేయించుకున్న రిపోర్టు ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు.

సర్టిఫికెట్ గరిష్ఠంగా 2 ఏళ్లు చెల్లుతుంది. 18 నిండనివాళ్లకు ఒక్క ఏడాదే. రంగుల చూపు పరీక్షకు మాత్రం 6 ఏళ్ల గడువు. ఇవి 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందంలోని లెక్కలు. ఓడ మీద ఉండగా గడువు తీరితే, డాక్టరు దొరికే తర్వాతి రేవు దాకా, అదీ 3 నెలలు మించకుండా, నెట్టుకురావచ్చు. కానీ దాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు. కాంట్రాక్టు మొత్తానికీ గడువు సరిపోకపోతే మళ్లీ చేయించుకు రమ్మంటారు. తొందరపడి మరీ ముందుగా చేయించుకున్నవాళ్లు రెండుసార్లు డబ్బు కట్టేది అందుకే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా తెలుసుకో. అదే ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నీ దగ్గర రూపాయి తీసుకోకూడదు. నువ్వు భరించాల్సినవి మూడే: చట్టప్రకారం కావాల్సిన మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ పుస్తకం (ఓడ పనివాళ్లకిచ్చే సర్వీసు పుస్తకం), పాస్‌పోర్టు. వీసా ఖర్చు ఓడ యజమానిదే. 'మెడికల్ ప్యాకేజీ' అని వేలకు వేలు అడిగే ఏజెంటు ఎవరైనా తగిలితే, ముందు వాడికి ఆర్పీఎస్‌ఎల్, అంటే ఓడల్లోకి మనుషుల్ని పంపడానికి ఇచ్చే లైసెన్సు, ఉందో లేదో అదే వెబ్‌సైట్లో చూడు.

ఇప్పుడు అసలు పని. చెన్నై వెళ్లడానికి నెలా నెలన్నర ముందు తిరుపతిలోనే ఒక రిహార్సల్ చేసుకో. స్విమ్స్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో బయట మంచి ల్యాబ్‌లోనో, ఎక్కడైనా పర్వాలేదు. రక్తంలో సీబీసీ (రక్తకణాల లెక్క), ఫాస్టింగ్ షుగరు, హెచ్‌బీఏ1సీ (షుగరు సగటు), కిడ్నీల కోసం క్రియాటినిన్, లివర్ పరీక్షలు, కొలెస్ట్రాల్, హెపటైటిస్ బి, సి చేయించు. యూరిన్, మలపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, కంటి చూపు, పళ్లు కూడా చూపించు. అక్కడ తేడా బయటపడితే సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. చెన్నైలో బయటపడితే అది నీ ఫైల్లో రాతపూర్వకంగా ఉండిపోతుంది.

షుగరు సంగతిలో చాలామంది మోసపోతారు. వారం రోజులు అన్నం మానేసి రాగిసంగటి తింటే ఫాస్టింగ్ షుగరు కాస్త దిగొచ్చేమో. హెచ్‌బీఏ1సీ మాత్రం దాదాపు 3 నెలల సగటు చెప్తుంది, వారం పథ్యంతో అది మారదు. బరువు కూడా అంతే. కిలోల్లో నీ బరువును, మీటర్లలో నీ ఎత్తు వర్గంతో భాగించి చూసుకో, అదే బీఎమ్ఐ. 1.70 మీటర్ల మనిషి 87 కిలోలుంటే బీఎమ్ఐ 30 దాటినట్టే, అక్కడ అదనపు ప్రశ్నలు మొదలవ్వొచ్చు.

నీది కిచెన్ ఉద్యోగం కాబట్టి మలపరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు. నులిపురుగుల గుడ్లు, అమీబా, టైఫాయిడ్ జాతి క్రిములు, వీటికోసమే చూస్తారు. డబ్బాలో మూత్రం కలవకూడదు. సేకరించిన గంటా రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి. యాంటీబయాటిక్ వాడుతూ ఇస్తే, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో క్రిమి ఉన్నా మొలవదు. ఆ నెగెటివ్‌తో ఎక్కి, ఓడలో విరేచనాలు పట్టుకుంటే బాధ నీ ఒక్కడితో ఆగదు, వండేది నువ్వు కదా. పురుగులు కనబడితే డాక్టరు రాసిన మాత్ర వేసుకుని, ఆయన చెప్పిన రోజున మళ్లీ పరీక్ష చేయించు.

పళ్ల దగ్గర మగపిల్లలంతా ఒకటే, నొప్పొస్తే గానీ డాక్టరు గుర్తుకురాడు. ఓడలో మెడికల్ సెంటరు ఉంటుంది గానీ పళ్ల డాక్టరు ఉండడు. నడిసముద్రంలో దవడ వాస్తే తర్వాతి రేవులో దింపాలి. అందుకే కంపెనీలు పుచ్చులన్నీ పూడ్పించుకుని రమ్మంటాయి. రూట్ కెనాల్ అంటే మూడు నాలుగు సిట్టింగులు పట్టొచ్చు, ఈ వారమే మొదలుపెట్టు.

ఇక గసగసాలు. నవ్వొద్దు. నువ్వు వెళ్లిపోతున్నావని మీ అమ్మ నాటుకోడి పులుసు పెడుతుంది. అందులో కొబ్బరి, గసగసాలు నూరి ముద్ద వేస్తుంది. మన ఇళ్లల్లో అది లేకపోతే కూరకు చిక్కదనం రాదు. మెడికల్లో డ్రగ్ టెస్టు కూడా ఉంటుంది, చిన్న గిన్నెలో యూరిన్ పట్టి అందులో కార్డు ముంచుతారు. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. వాటికి అంటుకుని కాస్త మార్ఫిన్ ఉంటుంది. తిన్నాక రెండ్రోజుల దాకా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ, అది మూత్రంలో కనబడొచ్చు. కొన్ని కిట్లు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు దాటితే పాజిటివ్ చూపిస్తాయి, కొన్ని 2000 దాటితేనే. నీకు ఏది తగులుతుందో నీ చేతిలో లేదు. పోనీ పెద్ద యంత్రంలో పెట్టి తేల్చమందామంటే, అక్కడ కనిపించేదీ నిజమైన మార్ఫినే. కూరలోంచి వచ్చిందని నువ్వు చెప్పేదాన్ని నమ్మాలా లేదా అన్నది అవతలివాళ్ల దయ. కాబట్టి చెన్నై వెళ్లే ముందు 5 రోజులు గసగసాలు వేసిన కూర, కుర్మా, బిర్యానీ, గసగసాల పాయసం ఏదీ వద్దు. పెళ్లి భోజనం కూడా మానెయ్. కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా ఇదే చిక్కు తెస్తుంది. తప్పనిసరిగా వాడాల్సి వస్తే చీటీ వెంట పెట్టుకుని, గిన్నె చేతికిచ్చే ముందే చెప్పు, ఫలితం వచ్చాక కాదు.

ఇంకో మాట. మీ అమ్మ కట్టిచ్చే మసాలా పొడుల్లో గసగసాలు లేకుండా చూసుకో. దుబాయ్ మీదుగా విమానం ఎక్కాల్సి వస్తే అక్కడ అవి నిషేధం. సింగపూర్లోనూ అంతే.

కొండ మొక్కు కూడా ఇప్పుడే తీర్చుకో. అలిపిరి మెట్లు 3,550, దారి దాదాపు 9 కిలోమీటర్లు. అలవాటు లేనివాడు ఎక్కి దిగి మర్నాడే రక్తమిస్తే, కండరాలు నలిగి, లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ పెరిగి కనబడుతుంది, యూరిన్లో ప్రొటీన్ పడుతుంది. డాక్టరు లివర్ అనుమానిస్తాడు, కిడ్నీ అనుమానిస్తాడు, నువ్వేమో మెట్లెక్కానని చెప్పవు. పరీక్షకు కనీసం వారం ముందే నడక ముగించు. జిమ్ కూడా ఆపు. గుండు కొట్టించుకునే ఆలోచన ఉంటే వీసా ఫోటో, సర్టిఫికెట్ ఫోటో అన్నీ తీయించుకునే లోపు వద్దు. ఫోటోలో ముఖం, ఎదురుగా ముఖం ఒకేలా ఉంటే నిన్ను అడిగేవాళ్లుండరు.

పరీక్ష రోజు సంగతి కొంచెమే. ముందురోజు రాత్రి తొందరగా తిని, 10 నుంచి 12 గంటలు కడుపు ఖాళీగా ఉంచు. మంచినీళ్లు తాగొచ్చు, కాఫీ వద్దు. తెల్లారుజామున తిరుపతిలో బస్సెక్కి, మాధవరంలో దిగి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ నేరుగా వెళ్లి చెయ్యి చాపితే బీపీ ఎక్కువే చూపిస్తుంది. ముందురోజే చెన్నై చేరి పడుకో. బీపీ చూసే ముందు ఒంటేలుకు వెళ్లి రా, నిండిన మూత్రాశయం కూడా బీపీని పెంచుతుంది. అయిదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, మాట్లాడకుండా కూర్చో. పట్టీ చొక్కా చేతి మీద కాకుండా చర్మం మీద కట్టించుకో. మొదటిసారి ఎక్కువొస్తే కంగారుపడకుండా, కాసేపాగి మళ్లీ చూడమని మర్యాదగా అడుగు. వినికిడి పరీక్ష ఉంటుంది, రెండు వారాల ముందు చెవుల్లో గుబిలి ఈఎన్‌టీ డాక్టరుతో తీయించు, ముందురోజు ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టు.

టీకాల్లో అందరూ తప్పేది వరసలో. ఎల్లో ఫీవర్ టీకా ఒక్క డోసే, అర మిల్లీలీటరు. వేసినట్టు రుజువుగా ఇచ్చే ఎల్లో కార్డు, వేసుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 జులై 11 నుంచి అది జీవితాంతం చెల్లుతుందని నియమం మారింది, పదేళ్లకొకసారి మళ్లీ అక్కర్లేదు. బ్రెజిల్, కొలంబియా లాంటి దేశాల రేవులు తగిలే ఓడైతే కార్డు తప్పదు. అది లేకుండా అక్కణ్నుంచి ఇంటికొస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టగలరు. ప్రైవేటు క్లినిక్‌లో ఎక్కడపడితే అక్కడ వేయించుకుంటే కుదరదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించాలి. చెన్నైలో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎమ్ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. రైల్లో చెన్నై సెంట్రల్‌లో దిగితే గిండీకి మెట్రోలో నేరుగా పోవచ్చు. కలిపిన సీసాను కొన్ని గంటల్లోనే వాడెయ్యాలి. అందుకే రోజూ వచ్చినవాళ్లకు వచ్చినట్టు వెయ్యరు, ఏ రోజు వేస్తారో కనుక్కుని వెళ్లు. కోడిగుడ్డు పడకపోతే సూది వేసే ముందే చెప్పాలి, ఈ టీకాను గుడ్లలోనే పెంచుతారు.

చాలా కంపెనీలు తట్టు, గవదబిళ్లల ఎమ్ఎమ్ఆర్ టీకా రెండు డోసులూ, ఆటలమ్మకు టీకా లేదా రక్తపరీక్ష రుజువూ అడుగుతాయి. ఎమ్ఎమ్ఆర్, ఆటలమ్మ, ఎల్లో ఫీవర్ మూడూ బతికున్న క్రిమితో చేసినవి. వీటిని ఒకేరోజు వేయించాలి, లేదంటే 28 రోజులు ఎడం పెట్టాలి. ఎమ్ఎమ్ఆర్ రెండు డోసుల మధ్యే 28 రోజులుండాలి. ఇప్పుడు లెక్కేసుకో, ఆఫర్ వచ్చిన రోజే మొదలుపెట్టకపోతే చివర్లో ఎన్ని రోజులు తక్కువపడతాయో. చిన్నప్పటి టీకా కార్డు మీ అమ్మ ఇనప్పెట్టెలో ఉందేమో వెతికించు, దొరికితే రెండు సూదులు మిగిలినట్టే. హెపటైటిస్ బి టీకా వేసుకోవాలనుకుంటే రక్తపరీక్ష అయ్యాకే వేసుకో. టీకా వేసుకున్న మూడు వారాల లోపు రక్తమిస్తే ఒక్కోసారి టీకా పదార్థమే జబ్బులా కనబడి పాజిటివ్ చూపిస్తుంది.

ఎల్లో కార్డు చేతికివ్వగానే కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు. నిలబడే చదువు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మనవాళ్లకు ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించి రాయడం అలవాటు. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుంటే కార్డులోనూ పూర్తిగానే ఉండాలి. పాస్‌పోర్టు నంబరు, పుట్టినతేదీ సరిచూడు. తేదీలో నెల అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాయాలి, ఎందుకంటే 5, 6 అని అంకెలు రాస్తే మే నెలా జూన్ నెలా అని ఒక్కో దేశంలో ఒక్కో రకంగా చదువుతారు. టీకా తయారుచేసినవాళ్ల పేరు, బ్యాచ్ నంబరు, వైద్యుడి సంతకం, కేంద్రం సీలు అన్నీ ఉండాలి. కొట్టివేతలుంటే కార్డు చెల్లదనొచ్చు, కొత్తది రాసివ్వమని అడుగు.

ఫారంలో పాత జబ్బుల గురించి పెద్ద ప్రశ్నావళి ఉంటుంది. అన్నింటికీ 'లేదు' అని టిక్కు పెట్టేయమని స్నేహితులు చెప్తారు. వాళ్ల మాట వినొద్దు. అపెండిక్స్ మచ్చ డాక్టరుకు కనబడుతుంది, పాత టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడుతుంది. ఉన్నదాన్ని చెప్పి, చికిత్స అయిపోయిందని, ఇప్పుడు బాగున్నావని మీ డాక్టరు రాసిన కాగితం, పాత ఎక్స్‌రే ఫిల్ము పెడితే చాలాసార్లు దాటిపోతుంది. దాచిపెట్టి ఎక్కాక బయటపడితే ఇంటికి పంపడమే కాదు, వైద్యం ఖర్చు మాది కాదనడానికి కంపెనీకి దారి దొరుకుతుంది. ఉబ్బసం, ఫిట్స్, గుండెజబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. అది వాళ్ల ప్రాణానికే ప్రమాదం, వాళ్లు దాచి ఎక్కకూడదు.

ఓడెక్కే రోజు మళ్లీ ఒక చిన్న ఫారం ఇస్తారు. జ్వరం, దగ్గు, వాంతులు, విరేచనాలు ఈమధ్య వచ్చాయా అని. ఓడల్లో, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అంటే హడల్, ఒకడికొస్తే వందమందికి పాకుతుంది. అమెరికా రేవులకు వెళ్లే ఓడల్లో, వంటపనివాడికి వాంతులో విరేచనాలో పట్టుకుంటే, అవి పూర్తిగా ఆగాక కూడా కనీసం 48 గంటలు గది దాటనివ్వరు. మిగతా పనివాళ్లకు 24 గంటలే. అందుకని ప్రయాణానికి ముందు మూడ్రోజులు బయటి పానీపూరీ, కోసిపెట్టిన పండ్లు, ఐసు వేసిన చెరకురసం ముట్టొద్దు. శానిటైజర్ ఆ వైరస్ మీద సరిగ్గా పనిచేయదు, సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి.

మెడికల్ ఒరిజినల్, ఎల్లో కార్డు, డాక్టరు చీటీలు, రోజూ వేసుకునే మాత్రలు చేతిసంచిలోనే పెట్టుకో, పెద్ద పెట్టెలో వెయ్యొద్దు. పెట్టె ఒక విమానంలో, నువ్వు ఇంకో విమానంలో చేరే రోజులివి.

రిహార్సల్ రిపోర్టులు రాగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, చూస్తాను. పళ్ల డాక్టరు దగ్గరికి మాత్రం సోమవారమే వెళ్లు.

ఇట్లు,
మామ