టెస్టు చిన్నదే అంటుండ్రు, నాకేమో బుగులు పోతలేదు అక్కా

"అక్కా నమస్తే. మాది వరంగల్, నాకు 46 ఏండ్లు. ఆర్నెల్ల సంది మోషన్ల రక్తం పడుతుంది, హెమోగ్లోబిన్ 8కి దిగింది, ఐరన్ గోలీలు మింగుతున్న. డాక్టర్ కొలనోస్కోపీ, అంటే పెద్దపేగుల కెమెరా పెట్టి చూసే టెస్టు, రాసిండు, వచ్చే శనివారం పొద్దున టైం ఇచ్చిండ్రు. మా ఆయన ఎనుమాముల మార్కెట్ల గుమస్తా, ఇప్పుడు మిర్చి సీజన్. 'అర్ధగంట పని, అందరు చేపిచ్చుకుంటుండ్రు, ఏం కాదు, దీనికింత లొల్లేంది' అంటడు. కొడుక్కు హైదరాబాద్ల జాబ్, బిడ్డకు ఇంటర్ పరీక్షలు, ఇద్దరికీ చెప్పలే. ఇంట్ల అత్తమ్మ, మరిది, యారాలు, పిల్లలు, అందరికీ ఒక్కటే బాత్రూం. అత్తమ్మ సమ్మక్కకు బంగారం మొక్కింది. రాత్రిళ్ళు ఫోన్ల ఆ టెస్టు వీడియోలే చూసుకుంట కూసుంటున్న, నిద్ర లేదు. మా నాయిన గూడ ఇట్లనే చిన్న టెస్టు అని పోయి మళ్ళ ఇంటికి రాలే, పెద్దపేగుల గడ్డ అన్నరప్పుడు. ఎవలన్న పక్కన ఉంటే బాగుండు అనిపిస్తది గానీ అడుగుదమంటే సిగ్గయితుంది."

చెల్లె, మీ ఆయన అన్నది అబద్ధమేం కాదు, టెస్టు అర్ధగంటదే, మహా అయితే ముప్పావు గంట. కానీ బుగులు అనేది టైం చూసుకొని రాదు కదా. ఆయనకు అది శనివారం పొద్దటి ఒక పని, నీకేమో మీ నాయిన పోయిన దవాఖాన గడప. ఇది నువ్వు ఆయనకు ఎప్పుడన్న చెప్పినవా? చెప్పి ఉండవు అనుకుంటున్న. చెప్పకుంటే ఆయనకెట్ల తెలుస్తది, మిర్చి బస్తాల లెక్కల మునిగిన మనిషికి.

ఇగ "ఏం కాదు" అనే మాట. అది మనోళ్ళు ప్రేమ లేక అనరు, ఏమనాల్నో తెల్వక అంటరు. కానీ భయంల ఉన్నోళ్ళకు అది "ఇగ ఊకో" అన్నట్టే వినబడతది, నోరు మూతపడతది, ఆ తర్వాత మనిషి ఒక్కతే రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకొని కూసుంటది, నువ్వు చేస్తున్నది అదే. అందుకే నేను నీకు ఏం కాదు అని రాయను, ఏమేం అయితదో చెప్తా.

దానికంటే ముందు ఒక సంగతి. నువ్వు ఉత్తరం ఆఖర్ల ఒక్క ముక్కల రాసినవే, నాయినకు పెద్దపేగుల గడ్డ అని, అది నీ డాక్టర్‌కు తెలుసా? నువ్వు దాన్ని భయం లెక్క లోపల దాసుకున్నవ్ గానీ డాక్టర్‌కు అది కావలసిన సమాచారం. అమ్మానాయినలల్ల, తోబుట్టువులల్ల ఎవరికన్న పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే మిగిలినోళ్ళకు రిస్కు కొంత ఎక్కువుంటది, దాన్ని బట్టి డాక్టర్లు ఎంత జాగ్రత్తగ చూడాలె, మళ్ళ ఎన్నేండ్లకు టెస్టు చేయాలె అని లెక్క కడ్తరు. నీకు వచ్చింది అదే అని నేను అంటలేను, మోషన్ల రక్తం అనంగనే అందరికంటె ఎక్కువ మందికి బయటపడేది మొలలే, పేగుల పుండ్లు, పిలకల లెక్క పెరిగే పాలిప్స్ గూడ ఉంటయి. ఆ పాలిప్ చాలాసార్లు టెస్టు చేసుకుంటనే అప్పుడే కోసి తీసేస్తరు, ముదిరి గడ్డ కాకముందే. మీ నాయిన రోజుల్ల ఆలస్యంగ తెలిసి ఉంటది, నువ్వేమో ఇప్పుడే టెస్టుకు పోతున్నవ్. ఆయన పోయింది టెస్టు వల్ల కాదు, రోగం వల్ల. ఈ రెండింటిని నీ మనసు ఒక్కటి చేసి ముడేసింది. మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్లకు గూడ ఈ సంగతి చెప్పు, వాళ్ళు గూడ డాక్టర్‌ని అడగాలె.

ఇంకోటి, ఐరన్ గోలీలు. ఇవి మోషన్ని నల్లగ చేస్తయి, పేగు గోడకు అంటుకుంటయి, కెమెరాకు సరిగ కనబడదు, అందుకని చాలామంది డాక్టర్లు వారం ముందుగల్లనే ఆపమంటరు. నీకు ఆపమన్నరో లేదో రాయలే, శనివారం దగ్గర్లనే ఉంది గాబట్టి ఫోన్ చేసి అడుగు. రక్తం పలచన చేసే గోలీలు, షుగర్ మందులు వాడుతుంటే అవి గూడ చెప్పాలె, నీ అంతట నువ్వు ఏదీ ఆపొద్దు.

ఇప్పుడు అసలు కథ శుక్రవారంది. చేపిచ్చుకున్నోళ్ళని ఎవల్నడిగినా టెస్టు కంటే ముందు రాత్రే కష్టం అంటరు. పౌడర్ ఇస్తరు, మామూలుగ రెండు లీటర్ల నీళ్ళల్ల కలిపి గ్లాసు గ్లాసు పదీపదిహేను నిమిషాలకొకసారి తాగుమంటరు, కొన్ని దవాఖానలల్ల సగం సాయంత్రం, సగం తెల్లారుజామున. ఉప్పుప్పగ, ఒక తీరు జిగటగ ఉంటది, చల్లగ చేసి తాగితే కొంత నయం. ఇగ గంటకో రెండు గంటలకో మొదలైతది, ఆఖరికి లేత పసుపు నీళ్ళ లెక్క వచ్చేదాక బాత్రూంకే పోవుడు రావుడు. ఇంతమంది ఉన్న ఇంట్ల ఒక్క బాత్రూం అంటే నీ సిగ్గు నాకు అర్థమైతుంది, నీ బుగుల్ల సగం అదేనేమో అనిపిస్తుంది నాకైతే. దీన్ని యారాలికి చెప్పు. అత్తమ్మకు చెప్పే ముందు ఆమెకే చెప్పు, వయసుల దగ్గరిది, ఆడమనిషి, రోజూ నీతోనే వంటింట్ల నిలబడేది. "శుక్రవారం సాయంత్రం సంది నాకు బాత్రూం కావాలె, పిల్లల స్నానాలు ముందే గానిద్దాం, మరిదికి నువ్వు చెప్పు" అను, అంతే. అది గూడ వీలు గాకపోతే అక్కదో చెల్లెదో, దగ్గర్ల సొంత బాత్రూం ఉన్న ఇంటికి ఆ రాత్రికి పో, అదేం తప్పు గాదు. తినేది తాగేది దవాఖాన చీటీల రాసినట్టే చెయ్యి, మామూలుగ అయితే ముందు రోజు ఆకుకూర, గింజలు, జొన్నరొట్టె అసలే వద్దంటరు, కొబ్బరినీళ్ళు, వడపోసిన నిమ్మరసం లాంటియి తాగమంటరు, ఎర్ర రంగు షర్బత్ మాత్రం తాగకు, లోపల రక్తం లెక్క కనబడతది.

శనివారం అయితే భుజానికి సూది పెట్టరు, చెయ్యికి సెలైన్ పెట్టి మత్తు ఇస్తరు. చాలామందికి మధ్యల ఏమైందో యాదికే ఉండదు. వెనక తెరుచుకునే గౌన్ ఇస్తరు, పక్కకు తిరిగి పండుకోమంటరు, మీద దుప్పటి కప్పుతరు, సిస్టర్ ఒకామె దగ్గరుండాలె అని ముందుగాలనే అడుగు, అడిగితే ఎవలూ ఏమనరు. లేచినంక కడుపు ఉబ్బినట్టుంటది, గ్యాస్ పోతది, అక్కడ అందరికీ అట్లనే పోతది. సంతకం పెట్టే కాగితంల పేగుకు రంధ్రం పడొచ్చు అని రాసి ఉంటది, అది చూసి వణకకు, రాయకుంటే వాళ్ళకు చెల్లదు, అట్లయ్యేది వెయ్యిమందిల ఒక్కరికి గూడ ఉండదు.

ఇగ తోడు సంగతి. చెల్లె, నువ్వు సిగ్గుపడుతున్నది దేనికో తెలుసా, దవాఖానోళ్ళే అడిగేదానికి. మత్తు ఇస్తే వెంట మనిషి లేకుండ పంపరు. ఆ రోజు బండి నడపొద్దు, కాగితాల మీద పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దు. ఇంకో ముచ్చట, టెస్టు కాంగనే డాక్టర్ వచ్చి ఏం కనబడ్డదో చెప్పి పోతడు, నువ్వు తల ఊపుతవ్, ఇంటికి పోయేసరికి ఒక్క ముక్క గుర్తుండదు. ఆ మాటలు వినెటోళ్ళు, రాసుకునెటోళ్ళు ఒకరు కావాలె. అందుకని మీ ఆయన్ని "నాకు బయమైతుంది, రా" అని అడుగుడు కష్టమైతే "డాక్టర్ చెప్పేది నువ్వు వినాలె, నాకు మత్తుల అర్థం గాదు" అని అడుగు. మగోళ్ళకు పని చెప్తే చేతనైతది, బాధ చెప్తే ఏం జేయాల్నో తెల్వక కోపానికి పోతరు, అందరూ అట్ల గాదు గానీ చాలామంది. ఒక్క పూట గుమస్తా పని ఇంకొకరు చూస్తరు, యార్డు ఆగిపోదు. ఆయన రాను అంటే కొట్లాడకు, కొడుకుని పిలువు.

కొడుక్కు చెప్పలే అన్నవ్, ఎందుకు చెల్లె? శుక్రవారం రాత్రి ఆఫీసు కాంగనే ఎక్కితే అర్ధరాత్రి కాకముందే హన్మకొండల దిగుతడు. రేపు ఎవలో చుట్టం నోట విని "అమ్మ నాకెందుకు చెప్పలే" అని వాడు బాధపడే కంటే ఇదే నయం. బిడ్డకు మాత్రం పరీక్షలున్నయి గాబట్టి పెద్ద కథ చెప్పకు, కానీ పూర్తిగ దాయకు గూడ, ఇంట్ల ఏదో నడుస్తుందని పిల్లలకు మనకంటే ముందే తెలుస్తది. "కడుపుకు టెస్టు ఉంది, శనివారం మధ్యాహ్నం వరకు ఇంటికొస్తా" అని చెప్తే చాలు.

అత్తమ్మ మొక్కిన మొక్కును తక్కువ చేయకు. ఆమెకు ప్రేమ చూపే తీరు అదే, పెద్దమనిషి నీ కోసం మొక్కింది అంటే నువ్వు ఆ ఇంట్ల ఒంటరిగ లేవు. సమ్మక్క బంగారమంటే బెల్లమే గదా, ఆ తూకం జాతరప్పుడు చూసుకుందురు గానీ మొక్కింది గదా అని టెస్టు మాత్రం వాయిదా వేయొద్దు.

ఇక రాత్రిళ్ళు. వీడియోలు బంద్ చెయ్యి, నిజంగ చెప్తున్న, ఆ యాప్ వారం రోజులు ఫోన్ల నుంచి తీసెయ్. మనసుల ఉన్న ప్రశ్నలు కాగితం మీద రాసుకో, డాక్టర్‌కు అడిగేటియి ఒక దిక్కు, ఇంట్లోళ్ళకు చెప్పేటియి ఒక దిక్కు. నీ అక్క ఉంటే, చిన్ననాటి దోస్తు ఉంటే ఒక్క మాట ముందే చెప్పు, "నువ్వేం సలహా ఇయ్యకు, పది నిమిషాలు విను" అని, అట్ల చెప్తే వాళ్ళకు గూడ ఏమనాలె అన్న రంది ఉండదు. ఎవలు ఎత్తని టైంల గుండె దడ ఆగకపోతే 14416 ఉంది, టెలి మానస్ అని, సర్కారుది, పైసలు అడగరు, రాత్రి గూడ పలుకుతరు, తెలుగుల మాట్లాడుతరు. పిచ్చోళ్ళకు అనుకోకు, నీ లాంటోళ్ళకే అది.

బయాప్సీ, అంటే పరీక్షకు పంపెటందుకు పేగులకెళ్ళి చిన్న ముక్క, తీస్తే రిపోర్టుకు కొన్ని దినాలు పడతది, ఆ దినాలు గూడ బరువే. అప్పటికి గూడ ఒక మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకో, రిపోర్టు తేవడానికి ఒక్కదానివే పోకు.

ఇప్పుడు ఫస్టు చేయాల్సింది దవాఖానకు ఫోన్, ఐరన్ గోలీలు, నాయిన సంగతి రెండూ చెప్పెయ్యి. సాయంత్రం యారాలు ఒక్కతే దొరికినప్పుడు బాత్రూం ముచ్చట తియ్యి. మీ ఆయన్ని అన్నం తిన్నంకనే అడుగు, మార్కెట్ నుంచి వచ్చి రాంగనే వద్దు.